మతిమరుపు కాదండీ, మనసులో చోటు చాలట్లేదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివాను, ఇంకో రెండు నెలల్లో పెద్ద పరీక్ష ఉంది. బరువు పెరుగుతున్నానని ఐదు వారాల కింద చాక్లెట్లు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు ఒక్కసారిగా మానేశాను, మధ్యాహ్నం సగం కడుపే తింటున్నాను. అప్పట్నుంచీ సాయంత్రం నాలుగింటికి పుస్తకం తెరిస్తే చాలు, చాక్లెట్టే కళ్ల ముందు మెదులుతోంది. ఇదివరకు చదివేటప్పుడు పక్కన చాక్లెట్ ఉండాల్సిందే నాకు. ఒకే పేజీ మూడుసార్లు చదువుతున్నా, రాత్రికి ఏం చదివానో గుర్తుండట్లేదు. సర్క్యూట్ బొమ్మలైతే అసలు ఎక్కట్లేదు. పొద్దున చదివింది మాత్రం పర్లేదు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ఐదున్నరకే లేస్తున్నాను. ఇంట్లో జ్ఞాపకశక్తి మాత్రలు వాడమంటున్నారు. నా బుర్ర పాడైపోతోందా? ఇంకో మాట, తమ్ముడు నా ఎదురుగానే కూర్చుని చిప్స్ తింటాడు. నా కోసం వాణ్ణి మానేయమనడం న్యాయమేనా?

సమాధానం:

ముందు మీ భయం సంగతి తేల్చేద్దాం. మీ బుర్ర పాడవట్లేదు. ఓదార్చడానికి అంటున్న మాట కాదిది, రుజువు మీ ఉత్తరంలోనే ఉంది. పొద్దున చదివింది పర్లేదని మీరే రాశారు, ఏదో పక్కమాటలా రాసేసి ముందుకెళ్లిపోయారు గానీ మొత్తం ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యం అదే. జ్ఞాపకశక్తే దెబ్బతిని ఉంటే పొద్దున చదివింది మాత్రం అంత పదిలంగా ఎలా ఉంటుంది చెప్పండి? గుర్తుండటం అంటే ఒక్క పని కాదు, లోపలికి తీసుకోవాలి, దాచుకోవాలి, కావాల్సినప్పుడు బయటికి తీయాలి. మీకు మొదటి దగ్గరే ఆగిపోతోంది. సాయంత్రం చదివింది మీరు మర్చిపోవట్లేదు, అది అసలు లోపలికే రావట్లేదు. రానిదాన్ని రాత్రికి వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

ఎందుకు రావట్లేదో చెప్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. మనం ఒక లెక్క చేస్తున్నప్పుడో, వాక్యం చదువుతున్నప్పుడో అప్పటికప్పుడు కావాల్సిన సంగతుల్ని మనసులో పట్టుకుని ఉంటాం కదా, దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. అలాన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ అనే ఇద్దరు 1974లో దీన్ని వివరంగా చెప్పారు, మాటల్ని పట్టుకునే భాగం ఒకటి, బొమ్మల్ని పట్టుకునే భాగం ఒకటి అని. ఇది చాలా చిన్న బల్ల లాంటిది. ఒకేసారి దాని మీద నాలుగైదు సంగతుల కంటే పట్టవు. ఎంత తెలివైన వాళ్లకైనా ఇంచుమించు అంతే.

ఇప్పుడు మీ సాయంత్రం నాలుగింటికి రండి. పుస్తకం తెరుస్తారు, ఒక సర్క్యూట్ ఉంటుంది, అందులో కెపాసిటర్ అనే భాగానికి గుర్తుగా పక్కపక్కన రెండు గీతలు. అప్పుడే ఎక్కణ్నుంచో ఒక్క రెప్పపాటు చాక్లెట్ గుర్తొస్తుంది. అక్కడితో ఆగితే ఏ ఇబ్బందీ లేదు, అలాంటివి రోజుకి వంద వస్తాయి పోతాయి. కానీ ఆగదు. రేకు కాగితం విప్పుతున్న చప్పుడు వినిపిస్తుంది, ముక్క విరిచినప్పుడు టిక్కుమనడం, ఆ వాసన, నాలుక మీద అంచులు మెల్లగా కరగడం, ఇలా ఒకదాని మీద ఒకటి మనసే పేర్చుకుంటూ పోతుంది. నోట్లో నిజంగానే నీళ్లూరతాయి. ఆ పేర్చడం హాయిగా ఉంటుంది కాబట్టి ఇంకా పేరుస్తుంది, చేతిలో లేదు కాబట్టి బాధగా ఉంటుంది, ఆ బాధ తీరడానికి మళ్లీ పేరుస్తుంది. ఇదంతా ఎక్కడ జరుగుతోందనుకుంటున్నారు? ఆ చిన్న బల్ల మీదే. కెపాసిటర్ రెండు గీతలూ కళ్ల ముందే ఉంటాయి, వాటిని పెట్టుకోవడానికి మాత్రం చోటుండదు.

డేవిడ్ కవనా, జాకీ ఆండ్రేడ్, జాన్ మే అనే పరిశోధకులు 2005లో క్రేవింగ్, అంటే ఇలా లాగే యావ గురించి చెప్పింది ఇంచుమించు ఇదే, కోరిక బలమంతా మనసులో పేర్చుకునే ఆ బొమ్మలో ఉంటుందని. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీకి చెందిన ఈవా కెంప్స్, మరికా టిగమన్ దీన్ని చాక్లెట్ తోనే పరీక్షించి చూశారు. చాక్లెట్ యావ రేపినవాళ్లు తమకి ఇచ్చిన పనికి స్పందించడంలో నెమ్మదించారు, గుర్తుపెట్టుకోమన్నవి తక్కువ గుర్తుపెట్టుకున్నారు. పైగా మాటల కంటే బొమ్మలకి సంబంధించిన పనిలోనే దెబ్బ ఎక్కువ కనిపించింది. సర్క్యూట్లు అసలు ఎక్కట్లేదని మీరు రాసింది చదివి నాకు ఆశ్చర్యం వేయలేదు అందుకే. చాక్లెట్ బొమ్మా, సర్క్యూట్ బొమ్మా ఒకే చోటు కోసం కొట్టుకుంటున్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఐదు వారాలుగా మీ మనసులో పెరుగుతున్న భయానికి ఇది సరైన జవాబు. 1944 నవంబర్లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. అప్పుడు యుద్ధంలో కరువు పాలైన జనాన్ని మళ్లీ మామూలు మనుషుల్ని చేయడం ఎలాగో తెలుసుకోవడానికి ఆ యువకులు తమంతట తాము ఒప్పుకుని ఆరు నెలల పాటు దాదాపు సగం తిండితో బతికారు. వాళ్లకి పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివేవాళ్లు, వంటకాల వివరాలు రాసి దాచుకున్నవాళ్లూ ఉన్నారు. ఏకాగ్రత పోయింది, బుర్ర పనిచేయట్లేదని మొరపెట్టుకున్నారు. అయితే తెలివితేటల పరీక్షలు పెట్టి చూస్తే అందులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. శక్తి ఎక్కడికీ పోలేదు, ధ్యాస ఇంకో చోట చిక్కుకుపోయిందంతే. మీది అంత కటిక పస్తు కాదు, దారి మాత్రం అదే.

అందుకే మొదట అడుగుతున్నాను, మధ్యాహ్నం సగం కడుపు తినడం మానేయండి. ఆకలి రుచెరుగదు అంటారు కదా. నిజంగా ఆకలేస్తే ఏది పెట్టినా తింటాం, ఒక్క చాక్లెటే కావాలి ఇంకేదీ వద్దు అనిపిస్తే అది నోటి యావ. మీకు సాయంత్రం ఈ రెండూ కలిసి వస్తున్నాయి, కలిసి వస్తే విడదీయడం ఎవరి వల్లా కాదు. మెదడు మన బరువులో 2 శాతమే ఉన్నా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో 20 శాతం దాకా అదే తీసుకుంటుంది, దానికి ఆగి ఆగి కాకుండా నిలకడగా అందాలి. మధ్యాహ్నం కడుపు నిండా తినండి, అందులో పప్పో గుడ్డో ఏదో ఒక మాంసకృత్తులున్నది, కూరగాయలు తప్పకుండా ఉండాలి. మూడున్నరకి ఓ పండు, గుప్పెడు గింజలు. పుస్తకం తెరిచేటప్పటికి ఆకలి ఉండకూడదు. బరువు సంగతి పరీక్ష అయ్యాక చూసుకోవచ్చు, ఈ రెండు నెలల్లో రెండు యుద్ధాలు వద్దు మీకు.

నిద్ర గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలుసు. నాలుగున్నర గంటలు చాలదు. 2004లో 12 మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది, ఇక చాలని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. రెండు రాత్రులకే అది. మీరు వారాల తరబడి చేస్తున్నారు. పైగా చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి పదకొండు తర్వాత మీరు చదువుతున్న రెండు గంటలూ మర్నాడు సాయంత్రాన్ని తినేస్తున్నాయి, లెక్కేసుకుంటే నష్టమే.

ఇక అసలు చిక్కు. ఇదివరకు చదివేటప్పుడు పక్కన చాక్లెట్ ఉండాల్సిందే అన్నారు. ఎన్నేళ్లు అలా చదివి ఉంటారు? డిగ్రీ మొత్తం అలాగే చదివి ఉంటారనుకుంటా. గంట మోగగానే కుక్కకి నోరూరడం గురించి పావ్లోవ్ చేసిన ప్రయోగం స్కూల్లో చదువుకున్నాం కదా, మీ విషయంలో గంట మీ పుస్తకమే. ఆ టేబులు, ఆ కుర్చీ, సాయంత్రం నాలుగు గంటల వెలుతురు, అన్నీ గంటలే. వాటిని చూడగానే మీ మెదడు, ఇప్పుడు తీపి వస్తుందని సిద్ధమైపోతోంది. మెదడులో డోపమైన్ అనే రసాయనం తిన్నప్పటి సుఖం కంటే కావాలన్న లాగుడుతో ఎక్కువ ముడిపడి ఉందని మిషిగన్ యూనివర్సిటీలో కెంట్ బెర్రిడ్జ్ లాంటివాళ్లు చాలా ఏళ్లుగా చూపిస్తున్నారు. అందుకే ఒక్కోసారి తిన్నాక అంత గొప్పగా ఏమీ అనిపించదు, తినక ముందు లాగుడు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. మీకు సంకల్పబలం లేదని మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ ఉంటే దయచేసి ఆపండి. అది ఏళ్ల తరబడి పడిన అలవాటు, మీ గుణంలో లోపం కాదు.

అలవాటు కాబట్టి దాన్ని మార్చే పద్ధతీ ఉంది. చదివే చోటు మార్చండి. వేరే గది, లేదంటే అదే గదిలో టేబుల్ ఇంకో గోడకి జరిపి, కుర్చీ ఇటు తిప్పి, లైటు మార్చి. చిన్న విషయంలా ఉంది గానీ గంట మోగకపోతే సగం పని అయినట్టే. సాయంత్రం కొన్నాళ్లు చదవడం కంటే రాసే పని పెట్టుకోండి, లెక్కలు చేయడం, పాత ప్రశ్నపత్రాలు రాయడం. చేతికి పనుంటే మనసు అంత తేలిగ్గా జారదు. ఎక్కని సర్క్యూట్లన్నీ పొద్దున పూటకి మార్చేయండి, బల్ల ఖాళీగా ఉండే సమయం మీకు అదే కదా.

అయినా యావ వస్తుంది. వచ్చినప్పుడు మీరు ఇప్పటి దాకా ఏం చేస్తున్నారో నేను ఊహించగలను, చాక్లెట్ గురించి ఆలోచించకూడదు, ఆలోచించకూడదు అనుకుంటూ పళ్ల బిగువున చదవడానికి ప్రయత్నిస్తున్నారు. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకు అన్నారట వెనకటికి. తలుచుకోకుండా ఎవరుంటారు? డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త 1987లో దీన్నే తెల్ల ఎలుగుబంటితో చేసి చూశాడు, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంట మోగుతూనే ఉంది. అంతకంటే గమనించాల్సింది, ఆ తర్వాత ఇక తలుచుకోవచ్చు అనగానే ముందు నుంచీ తలుచుకోనిచ్చిన వాళ్ల కంటే వీళ్లకే అది ఎక్కువగా గుర్తొచ్చింది. వద్దు అని కాపలా కాయడానికి కూడా ఆ బల్ల మీదే చోటు కావాలి. అంటే చాక్లెట్ కొంత చోటు తినేస్తే, దాన్ని తరిమే పని ఇంకొంత తినేస్తోంది. సర్క్యూట్‌కి మిగిలేదేముంది ఇంక?

తరమొద్దు. అక్కడ ఇంకో బొమ్మ పెట్టండి. కోరిక బొమ్మలో బతుకుతోంది కాబట్టి ఆ చోటులో వేరే బొమ్మ గట్టిగా పెడితే అది పలచబడుతుంది. పుస్తకం మూసేసి, టైమర్ మూడు నిమిషాలు పెట్టుకుని, మీకు బాగా తెలిసిన ఏదో ఒక చోటుకి మనసులో నడవండి. నా మటుకు నేను చిన్నప్పటి స్కూలు మెట్లు ఎక్కుతాను. ఎడమ చేతి పక్క రెయిలింగ్ చల్లగా తగులుతుంది, మొదటి గది తలుపుకి గడియ వంకరగా ఉండేది, లోపల బోర్డు అంచున సుద్దపొడి, కిటికీ పక్క బెంచీ. అలా ఒక్కో గదిలోకీ వెళ్లి ఏముందో చూడాలి, హడావిడిగా దాటేయకూడదు. బొమ్మ ఎంత వివరంగా ఉంటే అంత చోటు తీసుకుంటుంది. వాసనలూ పనికొస్తాయి, తిండికి సంబంధం లేనివి, యూకలిప్టస్ వాసన లాంటివి. ఫ్లిండర్స్ వాళ్ల ప్రయోగాల్లో ఇలాంటి ఊహలతో కోరిక తీవ్రత తగ్గింది. ఊహించుకోవడం మీకు రాకపోతే ఓ ముద్ద మైనపు మట్టి కొని దగ్గర పెట్టుకోండి, దాంతో ఏదో ఒక ఆకారం చేయండి. మట్టితో బొమ్మలు చేయించి చాక్లెట్ కోరిక తగ్గడం చూసిన ప్రయోగం కూడా ఒకటుంది. టెట్రిస్ అనే పాత ఆట తెలుసుగా, పైనుంచి ముక్కలు పడుతుంటే అమర్చే ఆట, జాకీ ఆండ్రేడ్ బృందం విద్యార్థుల చేత దాన్ని మూడేసి నిమిషాలు ఆడిస్తే కోరిక తీవ్రత 100కి 70 దగ్గరున్నది 56 దగ్గరికి దిగింది. మాయం కాదు, గమనించండి, దిగుతుంది. దిగితే చాలు, మీకు చదవడానికి చోటు దొరుకుతుంది. ఆటని మాత్రం చివరన పెట్టాను, ఫోన్ తీస్తే మూడు నిమిషాలు ముప్పై అయ్యే ప్రమాదం ఉందని.

మరీ కూర్చోలేకపోతే లేచి పదిహేను నిమిషాలు వడివడిగా నడిచి రండి. దీనికీ చాక్లెట్ యావ తగ్గుతుందని చూశారు. యావ అనేది అల లాంటిది, దాన్ని పేర్చుకుంటూ పోకపోతే ఎక్కినట్టే ఎక్కి దానంతట అదే దిగిపోతుంది. మొదటి వారం అలా దిగిందని నమ్మకం కుదరదు మీకు, అందుకే వచ్చిన టైమూ పోయిన టైమూ ఓ చీటీ మీద రాసుకోండి. మీ చేతి రాతని మీరు నమ్ముతారు కదా.

చాక్లెట్ పూర్తిగా మానేయాలా అంటే, నా అభిప్రాయం ఈ రెండు నెలల్లో వద్దు. ఒక్కదాన్నే పట్టుబట్టి మానేస్తే మొదటి రోజుల్లో దాని మీద యావ ఇంకా పెరుగుతుంది, నెలలు గడిస్తే తగ్గే మాట నిజమే గానీ మీకు అంత వ్యవధి లేదు. తినండి, కానీ చదివే చోట కాదు, చదివేటప్పుడు కాదు. రాత్రి భోజనం అయ్యాక, కడుపు నిండుగా ఉన్నప్పుడు, రెండు ముక్కలు, ప్లేటులో పెట్టుకుని, ఫోన్ లేకుండా, నెమ్మదిగా. ఫోన్ లేకుండా అని ఊరికే అనట్లేదు. తిన్నది గుర్తుండటానికీ తర్వాత ఎంత తింటామన్న దానికీ సంబంధముంది. కొత్త జ్ఞాపకాలు నిలవని ఇద్దరు రోగులకి పాల్ రోజిన్ అనే మనస్తత్వవేత్త భోజనం పెట్టి, నిమిషాల తేడాతో మళ్లీ పెడితే మళ్లీ తిన్నారు, ఇందాకే తిన్న సంగతి వాళ్లకి గుర్తు లేదు. 1998 నాటి మాట ఇది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా మధ్యాహ్నం ఏం తిన్నారో గుర్తు చేసుకోమంటే తర్వాత చిరుతిండి తక్కువ తిన్నారని సుజానే హిగ్స్ అనే పరిశోధకురాలు చూపించింది. కాబట్టి నాలుగింటికి యావ మొదలవగానే మధ్యాహ్నం ఏం తిన్నారో ఒక్కసారి వరసగా గుర్తు చేసుకోండి. ఖర్చు లేని పని.

జ్ఞాపకశక్తి మాత్రలు వద్దు. లోపమేమీ లేకుండా ఆరోగ్యంగా ఉన్న మనిషికి జ్ఞాపకశక్తి పెంచుతుందని గట్టిగా రుజువైన మాత్ర లేదు. లోపం ఉంటే మాత్రం ఆ లోపానికి మందు వేసుకోవాలి, అది వేరే సంగతి. ఐరన్, బి12, థైరాయిడ్, ఈ మూడింటికీ ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి, ఆడపిల్లల్లో ఐరన్ తక్కువ ఉండటం చాలా మామూలు, దాని వల్ల కూడా చదివింది ఎక్కదు, నీరసంగా ఉంటుంది. ఐస్ ముక్కలు నమలాలనో, మట్టి, సుద్ద తినాలనో అనిపిస్తుంటే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి, ఐరన్ తక్కువైతే అలా అనిపిస్తుంది. చేతులు వణకడం, చెమటలు పట్టడం, కళ్లు తిరగడం ఉన్నా ఆలస్యం చేయొద్దు. మానేశాక ఒక్కసారిగా బోలెడంత తినేయడం, తర్వాత కుమిలిపోవడం, కక్కేయాలనిపించడం ఇలాంటివి ఏమైనా మీరు ఉత్తరంలో రాయకుండా వదిలేసి ఉంటే, అది పరీక్ష తర్వాత చూసుకునే విషయం కాదు, ఈ వారమే మానసిక వైద్యుల్ని కలవండి. దానికి మంచి చికిత్స ఉంది.

మీ తమ్ముడి సంగతి. న్యాయమేనా అని అడిగారు. వాణ్ణి తినొద్దనడం న్యాయం కాదు, వాడికి కూడా అది నచ్చదు, దాని మీద ఇంట్లో గొడవైతే ఆ చికాకు మళ్లీ మీ చదువు మీదే పడుతుంది. మీ కంటికి కనిపించకుండా తినమని అడగడం మాత్రం పూర్తిగా న్యాయం. ఆ ప్యాకెట్ చప్పుడు కూడా మీకు గంటే. మొహమాటపడకుండా కూర్చోబెట్టి, కోప్పడుతున్నట్టు కాకుండా సాయం అడుగుతున్నట్టు చెప్పండి, ఒరేయ్, నాలుగింటి నుంచి ఏడింటి దాకా చిప్స్ నీ గదిలో తిను, పరీక్ష అయ్యేదాకా ఈ ఒక్కటీ చేసిపెట్టు అని. ఇంట్లో మిగతా చిరుతిళ్లన్నీ బయటికి కనిపించని డబ్బాలో పోసి పై అరలో పెట్టే పని కూడా వాడికే అప్పజెప్పండి, డబ్బా ఎక్కడ పెట్టాడో మీకు చెప్పక్కర్లేదని కూడా చెప్పండి.